పేషంటు తాలూకు

ఆసుపత్రిలో కాంట్రాక్టు కౌన్సెలర్‌కు పదవీ విరమణ ఉండదు. శాలువా ఉండదు, దండ ఉండదు, "మీ సేవలు మరువలేనివి" అనే అబద్ధం కూడా ఉండదు. ఒక ఏడాది రెన్యువల్ ఆర్డరు రాదు, అంతే. నాకూ అలాగే రాలేదు. అయినా నేను రిటైరయ్యాననే చెప్పుకుంటాను. అన్నేళ్ళు ఆ స్టూలు మీద నడుములు విరగ్గొట్టుకున్నదాన్ని, ఆ ఒక్క మాట వాడుకునే హక్కు నాకుంది.

ఈ మధ్య సైకాలజీ చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఫోన్ చేసి అడుగుతున్నారు: "మేడమ్, ఎవరు ప్రాణం తీసుకుంటారో ముందే పట్టుకోవడానికి ఏ టెస్టు మంచిది?" నేను చెప్పిన జవాబు వాళ్ళకు నచ్చడం లేదు. పొడుగ్గా ఉందట. అందుకే ఇంకా పొడుగ్గా ఇక్కడ రాస్తున్నాను. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి, లేనివాళ్ళు ఈ ఉద్యోగం మానుకోండి.

మార్కాపురం దగ్గర ఒక ట్రస్టు ఆసుపత్రి. దాని పేరు రాయను, ఇందులో ఎవరి పేరూ రాయను. రాస్తే మావాళ్ళు ముందు కులం వెతుకుతారు, ఆపైన చుట్టరికం వెతుకుతారు, చెప్పిన సంగతి అక్కడే వదిలేస్తారు. చావబోయి బతికి బయటపడ్డ వాళ్ళతో మాట్లాడడం నా పని. తర్లుపాడు నుంచి, గిద్దలూరు నుంచి, అటు చంద్రశేఖరపురం, పామూరు నుంచి కూడా తెచ్చేవాళ్ళు. మాట్లాడడమంటే ఏసీ గదిలో సోఫా అనుకోకండి. మంచం పక్కన స్టూలు, మంచం చుట్టూ చుట్టాలు. డాక్టరు రౌండ్స్‌కు వచ్చి "మనసులో అలాంటి ఆలోచనలేమీ లేవు కదా?" అని అడుగుతాడు. పేషంటు నోరు తెరిచేలోపు చుట్టాలే "ఏం లేవు సార్" అంటారు. ఆ "లేవు" కేసు షీటుకెక్కుతుంది. లేవనే జవాబును ప్రశ్నలోనే పెట్టి అడిగితే ఎవడు కాదంటాడు? దీని మీద నేను పోట్లాడని డాక్టరు ఆ ఆసుపత్రిలో లేడు.

అందుకే, ప్రతి గురువారం నగరం నుంచి వచ్చే ఒక మానసిక వైద్యుడు "పేషంట్లను నోటితో అడగనక్కరలేని టెస్టు తెచ్చాను" అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. అడగడం చేతకాక అడగకపోవడాన్నే శాస్త్రం చేస్తున్నారనుకున్నాను. మనిషి మంచివాడే. చిన్న వయసు, పెద్ద డిగ్రీ, ఇస్త్రీ నలగని చొక్కా.

ఆ టెస్టు ఇలా ఉంటుంది. లాప్‌టాప్ తెర మీద ఎడమవైపు "నేను", "బతుకు" అని రెండు మాటలు, కుడివైపు "వాళ్ళు", "చావు" అని రెండు మాటలు. నడుమ ఒక్కో మాటా వచ్చి పడుతుంది. నాది, ఊపిరి, వాళ్ళది, శవం, ఇలా. అది ఏ వైపుకు చెందితే ఆ వైపు మీట చటుక్కున నొక్కాలి. కొంతసేపయ్యాక జంటలు మారతాయి. "నేను" పక్కకు "చావు" వస్తుంది. చాలామందికి అక్కడ వేలు తడబడి, ఆలస్యమవుతుంది. ఎవరికైతే "నేను", "చావు" జంటగా ఉన్నప్పుడే వేలు తొందరగా కదులుతుందో, వాళ్ళ మనసులో ఆ రెండూ ముందే దగ్గరయ్యాయని లెక్క. రెప్పపాటులో ఎన్నో వంతు తేడాను కూడా ఆ యంత్రం పట్టుకుని, చివర ఒక రంగు చూపిస్తుంది. ఆకుపచ్చ అయితే సరే, ఎరుపైతే జాగ్రత్త.

"నోరు దాస్తుంది మేడమ్, వేలు దాయలేదు" అన్నాడు డాక్టరు.

"మీరు నోటిని ఎప్పుడన్నా సరిగ్గా అడిగారా సార్, అది దాచిందని చెప్పడానికి?" అన్నాను.

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆ రోజుల్లోనే తర్లుపాడు అవతలి పల్లె నుంచి ఒక కుర్రాణ్ణి తెచ్చారు. పాతికేళ్ళు ఉంటాయి. ఎందుకు చేసుకున్నాడంటే వాడికే సరిగ్గా తెలియదు. వానలు లేని సాగు, కుదిరి తప్పిన పెళ్ళి, పెద్దవాడైన అన్న పోవడం. ఇలాంటివన్నీ కలిసి ఒక సాయంత్రం మీద పడతాయి. ప్రాణం దక్కింది. వాడి వెంట వచ్చింది వదిన, పోయిన అన్న భార్య.

మా ఆసుపత్రిలో ఆమెను తెలియనివాళ్ళు లేరు. ముందు భర్తకు కిడ్నీలు పోయి డయాలసిస్ అంటే ఏళ్ళ తరబడి ఆయన వెంట వచ్చింది. ఆయన పోయాక అత్తకు పక్షవాతం వస్తే ఆమె మంచం పక్కన ఉంది. అత్త పోయింది. ఇప్పుడు మరిది. ఎప్పుడు చూసినా ఎవరో ఒకరి మంచం పక్కన, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో, నవ్వుతూ. పక్క మంచాల వాళ్ళకు జుట్టు దువ్వేది, గంజి తాగించేది, కసిరేది. వార్డంతా ఆమెను "వదినా" అనే పిలిచేది. నర్సులు "పేషంటు తాలూకు ఎవరు?" అని కేకేస్తే, తన పేషంటు కాకపోయినా ఆమే ముందుకొచ్చేది. వాళ్ళ ఊరి ప్రార్థనలో వాక్యం చదివేది కూడా ఆమేనట. తెలుగు గడగడా చదివేది.

"ఈ వదిన ఉంటే నాకు సగం డ్యూటీ తగ్గినట్టే" అనేది హెడ్ సిస్టర్. మా హెడ్ సిస్టర్ గిద్దలూరు మనిషి, ఎవర్నీ ఊరికే మెచ్చుకోదు.

ఒక గురువారం కుర్రాడి టెస్టు ఎర్రగా వచ్చింది. మామూలు ఎరుపు కాదు, ఆ టెస్టు మీద తను చేస్తున్న పరిశోధన ప్రాజెక్టులో అంత ఎరుపు అంతవరకూ రాలేదని డాక్టరే కంగారుపడ్డాడు. నేను ఒప్పుకోలేదు. రోజూ వాడితో కూర్చుంటున్నదాన్ని. వాడు ఏడ్చాడు, సిగ్గుపడ్డాడు, ఆపైన ఆకలేస్తోందన్నాడు. గొర్రెలకు ఎవరు మేత వేస్తున్నారని అడిగాడు. లోపల ఉన్నదంతా నాకు చెప్పాడని అనను గానీ, ఆ రంగుకూ ఈ పిల్లవాడికీ ఎక్కడా పొంతన కుదరలేదు.

"మీకు చెప్పేది వాడు చెప్పాలనుకున్నది మేడమ్. ఇది వాడు చెప్పకూడదనుకున్నది" అన్నాడు డాక్టరు.

"అయితే నన్నెందుకు పెట్టుకున్నారు? ఇంకో లాప్‌టాప్ కొనుక్కోండి" అన్నాను.

ఆ వాదన ఎటూ తేలలేదు. ఈలోపు కుర్రాడి మీద కాపలా పెట్టారు. కాపలా అంటే మా దగ్గర పోలీసులు ఉండరు. హెడ్ సిస్టర్ వదినను పిలిచి, "అమ్మా, ఈణ్ణి కంటికి రెప్పలా చూసుకో. నువ్వు తప్ప ఎవురూ లేరు" అని చెప్పింది.

"చూసుకోకుండా యాడికి పోతా సిస్టర్. వాడు ఇల్లు చేరేదాంక నేను కదలను" అంది వదిన.

ఆ మాట నేను కూడా విన్నాను. మంచి మాట అనుకున్నాను.

వారం గడిచింది. సోమవారం డిశ్చార్జి అనుకున్నారు. దానికి ముందు గురువారం కుర్రాడి మేనత్త ఊరి నుంచి వచ్చింది, వదిన పొద్దుటి ఆటోలో ఇంటికి పోయింది. నేను వార్డులోకి వచ్చేసరికి హెడ్ సిస్టర్ బల్ల మీద ఆ టిఫిన్ క్యారియర్ ఉంది.

"ఇదేంది సిస్టర్ మీ దగ్గర?"

"ఉంచుకోమని ఇచ్చిపోయింది. ఇంక నాకేం పని సిస్టర్, మీకన్నా పనికొస్తది అనింది. ఆ పక్క మంచం ముసలమ్మకు కొత్త దుప్పటి ఇచ్చింది. మారాజు మనిషి."

క్యారియర్ మూత తీసి చూసి మళ్ళీ పెట్టేశాను. నా బుర్ర నిండా డాక్టరుతో గెలవాలన్న పట్టుదలే ఉంది. ఆయన రాగానే, "వాడికి ఆ టెస్టు మళ్ళీ పెట్టండి, నా ఎదురుగా పెట్టండి" అన్నాను. కుర్రాణ్ణి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాం. వాడు తెర వంక, మీటల వంక బిక్కమొహం వేసుకుని చూశాడు.

"ఏం నొక్కాల సార్?"

"పోయిన వారం చేశావు కదయ్యా" అన్నాడు డాక్టరు.

"నేను యాడ చేసినా సార్? నా చేతికి సెలైన్ ఉండె. కళ్ళు కూడా తిరగతా ఉండె. వదినే నొక్కింది."

డాక్టరు ఆ లాప్‌టాప్ నడిపే టెక్నీషియన్ వైపు తిరిగాడు. టెక్నీషియన్‌కు తను చేసిన తప్పేమిటో నిజంగానే అర్థం కాలేదు. "పేషంటు తాలూకే కదా సార్. సంతకం ఆమె పెట్టింది, మందు ఆమే మింగిస్తది, యాడ నొప్పో కూడా ఆమే చెప్తది. ఇది కూడా ఆమే నొక్కింది" అన్నాడు.

ఈ తప్పు ఇంకెక్కడా జరగదనుకుంటాను. మా వైపు పేషంటును ఒంటరిగా గదిలో కూర్చోబెట్టడమంటే అనాథను చేసినట్టే. ఒంటరిగా చేయించాలని ప్రాజెక్టు వాళ్ళు రాసిపెట్టుకున్న నియమం మా వార్డు గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

డాక్టరు తల పట్టుకుని, "మొత్తం డేటా పాడైంది. తీసెయ్యాలి" అన్నాడు.

నేను టిఫిన్ క్యారియర్ వైపు చూశాను.

"సార్, వేలు దాయలేదన్నారు కదా. మరి ఆ వేళ్ళు ఎవరివి?"

ఆయన మొహంలో రక్తం లేదు. అయినా అలవాటు కొద్దీ, "ఆమె మన స్టడీలో లేదు మేడమ్" అన్నాడు.

"స్టడీలో లేదు సార్. ఊళ్ళో ఉంది. పదండి."

కుర్రాడు ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. డాక్టరు కారు తీశాడు. పలకరాళ్ళ గుట్టలు దాటాక దారంతా ఎండిన కంది చేలు. ఆయన ఒక్కసారే మాట్లాడాడు. "నేను నమ్మిన టెస్టే అయినా, తప్పై ఉండాలని కోరుకుంటున్నాను మేడమ్." నేనూ అదే కోరుకున్నాను. మేమిద్దరం ఒకే మాట మీద ఉన్నది ఆ ప్రయాణంలోనే.

వీధిలో ఒకావిడ కోళ్ళను గంప కింద మూస్తోంది. వదిన ఇల్లు ఏదని అడిగితే, "అదో, అదే. ఈ కోళ్ళు ఆమెవే. నాకిచ్చింది. యాడికో పోతదంట కదా మేడమ్, ఏ ఊరికి?" అంది.

ఇల్లు కడిగి ఉంది. అంట్లు తోమి బోర్లించి ఉన్నాయి. వదిన పెరట్లో మరిది చొక్కాలు మడత పెడుతోంది. మమ్మల్ని చూసి చేతిలో చొక్కా వదిలేసింది.

"ఏమయింది మేడమ్? మరిదికేమన్నా అయిందా?"

"వాడు బాగున్నాడు. నీ కోసం వచ్చాం."

"నా కోసమా? నాకేం, రాయి లెక్క ఉన్నా. కూచోండి, టీ పెడతా."

"టీ వద్దు. ఇట్లా కూర్చో." కూర్చుంది. అడిగాను. "వదినా, నీకు చచ్చిపోవాలని ఉందా?"

డాక్టరు ఉలిక్కిపడ్డాడు. ఇంత మోటుగా అడగకూడదని ఆయన చదువుకున్నాడో, ఎవరైనా చెప్పారో. పిల్లలూ, ఇక్కడ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచనకు తలుపు తెరుచుకుంటుంది, అంతే.

వదిన నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. చొక్కాను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"వాడు సోమవారం ఇల్లు చేరేదాంక ఆగుదామనుకున్నా మేడమ్" అంది.

గంప కింది కోళ్ళ కూతలు గోడ అవతల నుంచి వినిపిస్తున్నాయి.

"ఎప్పటినుంచి ఉంది ఇట్లా?"

"ఆయన పోయినప్పటినుంచి అనుకుంటారు మీరు. కాదు. అప్పుడు అత్త మంచంలో ఉండె. అత్త పోయినంక వీడు ఇట్ల చేసుకునె. ఎవురో ఒకరు మంచంలో ఉంటే నాకు పొద్దు పోతది. వీడు కూడా లేచి నిలబడితే ఇంక నాతో ఎవురికేం పని? పొద్దున లేచి ఎవురి మొహం కడగాల?"

"మీ పాస్టరయ్యతో అన్నా చెప్పకపోయావా?"

"చెప్తే ప్రార్థన పెడతారు మేడమ్. మైకులో పెడతారు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆమెకూ అంతే. డాక్టరు ఆ కడిగిన గచ్చు మీద, ఇస్త్రీ చొక్కాతో, ఆమెకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తనతో రమ్మని అడిగాడు. మందులున్నాయని, ఇది తగ్గే జబ్బేనని, తగ్గేదాకా ఒంటరిగా వదలమని చెప్పాడు. మాటలు తడబడ్డాయి గానీ ఆ రోజు ఆయన బాగా అడిగాడు. చాలాసేపటికి ఆమె లేచి చెప్పులు వేసుకుంది.

అడ్మిషన్ కౌంటర్ దగ్గర గుమస్తా తలెత్తకుండానే, "పేషంటు తాలూకు ఎవరు?" అన్నాడు.

"నేనే అన్నా" అని వదిన ముందుకు పోయింది.

కౌంటర్ చుట్టూ ఉన్న మేమంతా ఆమెనే చూశాం. అప్పుడు ఆమెకు తట్టింది. చెయ్యి కౌంటర్ మీదే ఉండిపోయింది. "కాదన్నా, ఈసారి పేషంటు నేనంట" అంది, తప్పు చేసినట్టు.

ఆమెకు తాలూకు అనేవాళ్ళు ఎవరూ లేరు. చివరికి ఆ కుర్రాడే సెలైన్ గుచ్చిన వాపు తగ్గని చేత్తో సంతకం పెట్టాడు. సోమవారం వాడి డిశ్చార్జి అయింది గానీ వాడు ఇంటికి పోలేదు, ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మంచంలో పడుకోవడం వదినకు చేతకాలేదు. ఎవరైనా దగ్గితే లేచేది. హెడ్ సిస్టర్ క్యారియర్ తెచ్చి ఠక్కున బల్ల మీద పెట్టి, "తీసుకోమ్మా నీ సామాను. దీని మూత సరిగ్గా పట్టదు, నాకేం అక్కర్లేదు" అని కళ్ళు తుడుచుకుంటూ పోయింది.

ఆ తర్వాతి గురువారం డాక్టరు ఆమెకు టెస్టు పెట్టాడు. ఈసారి పద్ధతిగా, ఒంటరిగా, తలుపేసి. ఆకుపచ్చ వచ్చింది. ఆయన మొహం వెలిగింది.

"పొద్దున్నే నాతో ఏమన్నదో తెలుసా సార్? ఇంకా ఉంది మేడమ్ ఆ ఆలోచన, పోలేదు అంది. నోటితో, తెలుగులో."

దాచినప్పుడు ఎరుపు, చెప్పేశాక ఆకుపచ్చ. దీనికి అర్థమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు, ఆయనకూ తెలియదు. తెలుసన్న వాళ్ళను నమ్మకండి. అట్లాగని ఆ యంత్రాన్ని బావిలో వేయమని కూడా నేను చెప్పను. ఆ ఎరుపు లేకపోతే ఆ రోజు కారు కదిలేది కాదు. అది మాత్రం పళ్ళు కొరుక్కుంటూ ఒప్పుకుంటాను. ఎరుపు వస్తే అడగండి. ఆకుపచ్చ వచ్చినా అడగండి.

ప్రాజెక్టు రిపోర్టులో ఆమె లేదు. మొదటిది వేరే మనిషి చేసిందని తీసేశారు. రెండోది ఆ మనిషి ప్రాజెక్టులో పేషంటు కాదని తీసేశారు. అంతా నియమం ప్రకారమే జరిగింది. కుర్రాడు ఆ ఏడాదే పలకల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు, ఇప్పటికీ చేస్తున్నాడు. నిధులు అయిపోయి లాప్‌టాప్ వెళ్ళిపోయింది, డాక్టరూ వెళ్ళిపోయాడు. ఇంకో ఏడాదికి నా రెన్యువల్ రాలేదు.

ఒక్కటి మాత్రం ఆపలేదు. ప్రతి గురువారం వదినకు ఫోన్ చేస్తాను. కుశల ప్రశ్నలు లేవు. "ఈ వారం చచ్చిపోవాలనిపించిందా?" అని అడుగుతాను. ఒక వారం "అనిపించింది అక్కా, మాత్ర వేసుకున్నా, పక్కింటికి పోయి కూచున్నా" అంటుంది. ఎక్కువ వారాలు "ఈ వారం లేదు" అంటుంది. మేడమ్ నుంచి ఎప్పుడో అక్కను అయ్యాను. వచ్చే వారం సంగతి ఆమె చెప్పదు, నేను అడగను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు తెలిసిన ముందుచూపు ఇంతే, వారానికి సరిపడా.

ఉద్యోగం పోయాక మార్కాపురంలో నా అద్దె ఇల్లు నిశ్శబ్దమైంది. నోరు మంచిది కాదని చుట్టాలు ఎప్పుడో తగ్గిపోయారు. పోట్లాడేందుకు వార్డు కూడా లేదు. పొద్దున లేచి ఎవరి మీద విసుక్కోవాలో తెలిసేది కాదు. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా అనుకోలేదు.

పోయిన గురువారం ఎప్పటిలాగే ఫోన్ చేశాను, ఎప్పటిలాగే అడిగాను.

"ఈ వారం లేదక్కా" అంది వదిన. ఫోన్ పెట్టేయబోతుంటే, "అక్కా, మీకో?" అంది.

"ఏంటి, నాకు?"

"మీకట్ల ఏమన్నా అనిపిస్తా ఉందా?"

"లేదు" అన్నాను.

అన్నాను గానీ, ఆ చిన్న మాట రావడానికి కొంచెం ఆలస్యమైంది. ఒక రెప్పపాటు, అంతకంటే ఎక్కువ కాదు. ఆ ఆలస్యం వదినకు వినబడింది.

"రేపు పొద్దున బస్సుకు వస్తా అక్కా. తలుపు గడియ తీసి పెట్టండి."

"నువ్వెందుకు ఇప్పుడు? నాకేం, బాగానే ఉన్నాను."

"బాగానే ఉన్నారులే. ఆడ మీ తాలూకు ఎవరున్నారు?"